ఉలవకట్టె మీద బ్రేకు

2022లో, ఉలవలు కోతకొచ్చిన కాలం. అప్పుడు నేను హోసూరు వైపు మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తున్నాను. ఆ ఉద్యోగమంటే కుర్రాళ్ల చేత బైకు మీద ఎనిమిది అంకె వేయించి లైసెన్సు ఇవ్వడమేనని మా బంధువులు కూడా అనుకుంటారు. ఇంకో పని కూడా ఉంది. ప్రమాదం జరిగిన బండిని పోలీసులు మాకు చూపిస్తారు. దాన్ని మెకానికల్ ఇన్‌స్పెక్షన్ అంటాం. బండిలో లోపం వల్ల ప్రమాదం జరిగిందా లేదా, అంతవరకే మేం చెప్పాలి. తప్పెవరిదని మమ్మల్ని ఎవరూ అడగరు. అలా అడగకపోవడం ఎంత సుఖమో ఈ కేసు వచ్చేదాకా నాకు తెలియలేదు.

సూళగిరి దగ్గర హైవే దిగి లోపలి పల్లెలకు పోయే రోడ్డులో ఒక ప్రైవేటు మినీబస్సు జారింది. జారి, రోడ్డు మీదున్న గౌరమ్మ అనే రైతు ఇల్లాలిని కల్వర్టు గోడకు అదిమేసింది. ఆమె కాలు నుజ్జయింది. కృష్ణగిరి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. బస్సులో వాళ్లకు దెబ్బలు తగల్లేదు. నేను పోయేసరికి బస్సు అక్కడే ఉంది. డ్రైవర్ మునిరాజు దాని నీడలో కూర్చుని ఉన్నాడు, పక్కన ఒక కానిస్టేబుల్. రోడ్డంతా ఉలవకట్టె.

తెలియనివాళ్లకు చెప్పాలి. ఉలవకట్టె అంటే కాయలతో సహా పీకి ఎండబెట్టిన ఉలవ మొక్కలు. మా వైపు వాటిని తారురోడ్డు మీద మందంగా పరుస్తారు. పోయే బండ్లూ వచ్చే బండ్లూ తొక్కితే కాయలు పగిలి గింజలు కిందికి దిగుతాయి. సాయంత్రానికి కట్టెను పక్కకు లాగి, గింజలు ఊడ్చి, అక్కడే తూర్పారపడతారు. కూలీలు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. నూర్పిడంతా దారిన పోయే దానయ్యలు చేసిపెడతారు. మా ఇంట్లో ఉలవచారు తినేటప్పుడు అప్పుడప్పుడు పంటి కింద తారు పలుకు తగులుతుంది. మా ఆవిడ కొట్టువాణ్ణి తిడుతుంది. అదెక్కడి నుంచి వచ్చిందో తెలుసు కాబట్టి నేను నోరెత్తను.

ముందు బ్రేకులు చూశాను. పెడల్ తొక్కితే గట్టిగా నిలబడింది. లైనింగ్, అంటే చక్రాన్ని ఒరుసుకుని ఆపే పట్టీ, దాదాపు కొత్తదే. స్టీరింగ్‌లో ఫ్రీ ప్లే అని ఒకటుంటుంది, చక్రాలు తిరక్కుండా స్టీరింగ్ ఊరికే కదిలే వదులు. అదీ ఉండాల్సినంతే ఉంది. టైర్లు బాగున్నాయి. తర్వాత బస్సు కింద దూరి ప్రొపెల్లర్ షాఫ్ట్ చూశాను. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేర్చే పొడవాటి ఇనుప కడ్డీ అది. దానికి ఉలవకట్టె జడ అల్లినట్టు చుట్టుకుని ఉంది. కత్తితో కోసి లాగితే పైన ఈ ఏటి కట్టె, దాని కింద గ్రీజు పట్టి నల్లబడిన నిరుటి కట్టె. ప్రమాదానికి అది కారణం కాదు గానీ, ఈ బస్సుకు ఉలవలు తొక్కడం అలవాటేనని తెలిసిపోయింది.

బట్టలు దులుపుకుంటూ మునిరాజును అడిగాను. "ఏమప్పా, బ్రేకు పట్టిందా?"

"పట్టింది సార్. బండి మీద తప్పేమీ లేదు. తప్పంతా నాదే."

నాకు నమ్మబుద్ధి కాలేదు. బ్రేకు మంచిదని చెప్పిన డ్రైవర్ని నా సర్వీసులో అదే మొదటిసారి చూడటం. ఏ ప్రమాదమైనా బ్రేకు ఫెయిలన్న మాట వాళ్ల నాలుక చివర సిద్ధంగా ఉంటుంది. బ్రేకు చెడిందంటే ఓనర్ మెడకు చుట్టుకుంటుంది, బాగుందంటే డ్రైవర్ మెడకు. ఈ మనిషి తన మెడ తానే చాచాడు.

"పొద్దున తుంపర పడినాది సార్. కట్టె తడిసిండాదని నాకు తెలుసు. పక్కన సందుండాది, పోయుండొచ్చు. గౌరమ్మక్క చెయ్యి ఊపినాది, మీదనే పోప్పా అని. దినామూ పోయేదే కదా అని పోయినాను. ఒక కుప్ప ముందు చక్రానికి తగులుకొని ఈడ్చుకొచ్చినాది. దాన్ని లాగి తిరగేసేదానికి ఆయక్క బండికి అడ్డం దిగినాది. బ్రేకు ఏసినాను."

చక్రం ఆగింది. చక్రం కింది కట్టె ఆగలేదు. తడిసిన కట్టె మీద బ్రేకు ఎంత మంచిదైతే బండి అంత బాగా జారుతుంది.

"ఇట్లా చెప్పినావంటే లైసెన్సు పోతుంది, ఉద్యోగమూ పోతుంది. తెలుసా?" అన్నాను.

"తెలుసు సార్. ఆయక్క కాలు పోయినాది కదా."

ఇంతలో గౌరమ్మ మొగుడు తిమ్మరాయప్ప వచ్చాడు. ఆసుపత్రికి పోయి, డబ్బూ దుప్పటీ తీసుకుపోవడానికి ఇంటికి తిరిగొచ్చాడట. నన్ను చూసి చేతులు జోడించాడు.

"నన్ను రాసుకోండి సార్. పరిచింది నేను. ఆయప్పకు మీదనే పోయే అలవాటు చేసింది నేను. పక్కన పోతే నేనే అరుస్తా ఉంటి, ఏమప్పా, మా కట్టె నీకు చేదా అని."

"రోడ్డు మీద ఎందుకు పరుస్తావప్పా? మీ ఊరికి కళ్లం లేదా?" అని విసుక్కున్నాను.

"ఉండె సార్. ఊరెనక చదునుగా పెద్ద బండ. మా తాతల నాటి నుంచి అదే కళ్లం. క్వారీవాళ్లు పగలగొట్టి కంకరజల్లి చేసినారు. ఆ జల్లితోనే ఈ రోడ్డేసినారు." మడమతో తారును తట్టి చూపించాడు. "కళ్లం యాడికీ పోలా సార్. ఈడనే పడుకోనుండాది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మామూలుగా ప్రమాదం దగ్గర ప్రతివాడూ తప్పును పక్కవాడి మీదికి నెడతాడు. వాళ్ల మాటల్లోంచి నిజం ఏరుకోవడం నాకు అలవాటు. ఇక్కడేమో హోటల్లో బిల్లు నేనిస్తానంటే నేనిస్తానని లాక్కున్నట్టు తప్పు కోసం ఇద్దరూ లాగులాడుతున్నారు. బండ పగలగొట్టినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. కళ్లానికి ఇంకో చోటు చూపించాల్సినవాళ్లూ లేరు. బస్సు ఓనర్ ఫోన్ చేశాడు గానీ, బండి ఎప్పుడు వదులుతారని మాత్రమే అడిగాడు.

మాకు ఆసుపత్రికి పోయే పని లేదు. అయినా ఆ వారంలోనే కృష్ణగిరికి పోయాను. గౌరమ్మ కాలు మోకాలి కింద తీసేశారు. నేనెవరో తిమ్మరాయప్ప చెప్పగానే ఆమె లేచి కూర్చోబోయింది.

"ఉలవలు ఎత్తినారా సార్? వానొస్తే మొలకొచ్చేస్తాది."

"ఎత్తినారమ్మా," అన్నాను. నిజానికి నాకు తెలియదు.

"మునిరాజుది ఏం తప్పు లేదు సార్. చెయ్యి ఊపింది నేను. కట్టెలోకి దిగింది నేను."

"మీ ఆయన తప్పు తనదంటాడు. మునిరాజు తనదంటాడు. ఇప్పుడు నువ్వు. ఇంతకీ ఎవరిదమ్మా?"

"అదే నాకూ తెలీదు సార్. మీరు సదువుకున్నోళ్లు. మీరే చెప్పండి."

ఆమె కాలు అక్కడ లేదన్న సంగతొక్కటే నాకు తెలుసు.

రిపోర్టులో మెకానికల్ డిఫెక్ట్ లేదని రాశాను. అది నిజం. రోడ్డు మీద తడిసిన ఉలవకట్టె పరిచి ఉందని కూడా ఒక వాక్యం కలిపాను. అదీ నిజమే. మొదటి వాక్యాన్ని అందరూ చదివారు. రెండోదాన్ని చదివిన మనిషి నాకింతవరకూ తగల్లేదు. మునిరాజు లైసెన్సు సస్పెండ్ అయింది. ఓనర్ ఇంకో డ్రైవర్ని పెట్టుకున్నాడు. మునిరాజు సూళగిరి ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక గేటు దగ్గర కావలికి కుదిరాడు.

మరుసటి ఏడు ఉలవల కాలంలోనే మా ఆవిడతో కలిసి ఏదో శుభకార్యానికి ఆ దారినే పోవాల్సి వచ్చింది. కల్వర్టు ఇంకా కొంచెం దూరం ఉందనగా ఎర్రగుడ్డ ఒకటి ఊగింది. ఆపాను. రోడ్డు నిండా ఉలవకట్టె. గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో గౌరమ్మ, ఒళ్లో ఎర్రగుడ్డ కట్టిన కర్ర, చంక కర్ర గోడకు ఆనించి ఉంది. నన్ను గుర్తుపట్టి ముఖమంతా నవ్వింది.

"ఇప్పుడు శానా జాగ్రత్తగా ఉండాము సార్. తుంపర పడితే పరిచేదే లేదు. బండి దాటేదాకా ఎవురూ కట్టెలోకి దిగకూడదు. నేనే చూసుకుంటాను, పొద్దంతా ఈడనే."

చెడామడా తిట్టాలని నోటి దాకా వచ్చింది. ఆమె చీర కుచ్చిళ్లు ఒకవైపు ఖాళీగా వేలాడుతున్నాయి. ఆ మనిషిని నేనేం తిట్టను? మాట మార్చి మునిరాజు ఎట్లున్నాడని అడిగాను.

"ఆ పొద్దు నుంచి స్టీరింగ్ ముట్టలేదంట సార్. ఊడ్చిన ఉలవల్లో ముందు ఆయప్పకే పంపిస్తాము. తీసుకుంటాడు, ఏమీ మాట్లాడడు."

వెనక అదే మినీబస్సు వచ్చి హారన్ కొట్టింది. కొత్త డ్రైవర్ తల బయట పెట్టి కసురుకుంటున్నాడు. పక్క సందులోంచి పోదామని స్టీరింగ్ తిప్పాను.

"అటు గుంత ఉండాది సార్, మీదనే పోండి, మెల్లగా," అని గౌరమ్మ గుడ్డ ఊపింది.

మీదనే పోయాను. చక్రాల కింద కాయలు పటపటమన్నాయి. బ్రేకు మీద కాలు పెట్టడానికి భయమేసింది.

ఈ కేసు ఏం నేర్పిందని అడిగేవాళ్లున్నారు. బ్రేకు బాగుందని చెప్పగలిగినంత మాత్రాన ప్రమాదం ఎందుకు జరిగిందో చెప్పినట్టు కాదు, అంతే. మిగతాది నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ రోజు కారు అద్దంలో వెనక్కి చూస్తే కట్టె అక్కడే ఉంది, ఊపే చెయ్యి ఉంది, బస్సు ఉంది, రోడ్డయిపోయిన ఆ బండ కూడా ఉంది. ఆ రోడ్డు మీద నుంచి మేమందరం కలిసి తీసేసింది, తప్పు నాదని మొదట ఒప్పుకున్న మునిరాజు ఒక్కణ్ణే.