తిమింగలం కనపడగానే జడ లాగారు

తొంభైల్లో, బొగ్గుగనిలో పనిచేసే మా ఆయనకు సెలవు దొరికితే బెల్లంపల్లి నుంచి అండమాన్ వెళ్లాం. కళ్లకు అద్దాలు, నోట్లో గొట్టం పెట్టి పడవాయన మమ్మల్ని సముద్రంలోకి దించాడు. బావిలో ఈత నేర్చినదాన్ని, నాకు భయం లేదు. తల ముంచగానే కింద మా ఇల్లంత తిమింగలం, పక్కనే దాని పిల్ల. అప్పుడే మా ఆయన నా జడ పట్టి లాగారు.

“నీళ్లు మింగిననే, సచ్చిపోతున్న” అన్నారు.

“నడుముకు ట్యూబున్నది గదా, జర ఆగుండ్రి” అన్నాను.

ఆగలేదు. ఆయన్ను పడవెక్కించి వచ్చేసరికి నీళ్లు ఖాళీ.

ఇప్పటికీ చుట్టాలకు ఆ తిమింగలం కథ ఆయనే చెబుతారు. “దాని కన్ను గింత ఉన్నది” అని చేతులు చాపుతారు. నేను చాయ్ పోస్తూ వింటాను. నన్ను ఒక్కరూ అడగలేదు కాబట్టి మీకు రాస్తున్నాను. దాన్ని చూసింది నేను.