నాయన పడవకు రెండు గిలకలు

మొన్న ఆళ్లగడ్డ బజారులో ఒక అంగడి ముందు కొత్త నైలాన్ తాళ్ల చుట్టలు వేలాడుతుంటే, ఆ వాసనకు కాళ్లు ఆగిపోయాయి. మా నాయన పడవ గుర్తొచ్చింది.

నాయన అవుకు రిజర్వాయర్‌లో చేపలు పట్టేవాడు. అక్కడ తెరచాప ఉన్న పడవ ఆయనదొక్కటే. అమ్మ కూలికి పోయిన రోజుల్లో ఆరేళ్ల నన్నూ వెంట తీసుకెళ్లేవాడు. గాలి పెరిగితే చుక్కాని వదిలి, ముందున్న స్తంభం దాకా నడిచి, తెరచాపను సగానికి మడిచి కట్టి వచ్చేవాడు. అంతసేపూ వెనక నేనొక్కదాన్నే. ఒకసారి పడవ ఒరిగి, అంచు మీదుగా వాలిపోయాను. నా జడలు నీళ్లలో తడిశాయి. నాకది ఆటలా తోచి నవ్వాను. నాయన నవ్వలేదు.

మరుసటి రోజే నంద్యాలకు పోయి రెండు గిలకలు తెచ్చాడు. వాటిని స్తంభానికి బిగించి, వాటిగుండా తెరచాప తాళ్లను చుక్కాని దగ్గరి తన పీట దాకా తెచ్చుకున్నాడు. ఇక కూర్చున్నచోటే ఒక తాడు వదిలి, ఇంకోటి లాగితే తెరచాప మడత పడేది.

పక్క పడవలోని ఓబులేసు మామ నవ్వాడు. "ఏందప్పా, లేసి నాలుగడుగులు ఏసేకి గూడా బద్ధకమా?"

"ఔనప్పా, వయసైతాంది," అన్నాడు నాయన.

నాకు సిగ్గేసింది. నాయన సోమరి అయిపోయాడని ఇంటికెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ నా జడలు విప్పి దువ్వింది.

ఆయనకప్పుడు ముప్పై కూడా లేవు. నాకు కూతురు పుట్టాక గానీ అసలు సంగతి అర్థం కాలేదు. ఎంత గాలి వీచినా ఆయన చుక్కానిని చంకలో ఇరికించుకుని, ఒక చేత్తోనే తాడు లాగేవాడు. రెండో చెయ్యి నా గౌనును వదిలేది కాదు.