తాడుకు రెండో కొస

యుద్ధం రోజుల్లో ఒక మధ్యాహ్నం మా నాయనా నేనూ డోన్ స్టేషన్లో బండి కోసం కూర్చున్నాం. నాయన బావులు తవ్వేవాడు. బావిలోకి మనుషుల్ని దించే కొత్త మోకుతాడు చుట్ట ఒళ్లో పెట్టుకున్నాడు. నేను మిషన్ బడిలో అయ్యవారిని. పక్క బెంచీ మీద పోలీసుల కాపలాలో ఒక ముసలి దొర ఉన్నాడు. శత్రుదేశం వాడని క్యాంపుకు తీసుకుపోతున్నారట. ఆయన చేయి చాచి మోకు అందుకుని, జానెడు కూడా వదలకుండా తడమసాగాడు. మూడు వేళ్లకు కొసలు లేవు.

"ఏం ఎతుకుతాండాడు ఈ దొర? అడుగు రా," అన్నాడు నాయన.

ఇంగ్లీషులో అడిగాను. తనది ఆస్ట్రియా అనీ, ఎవరూ ఎక్కని మంచుకొండలు తానే ముందు ఎక్కాననీ, ఆ మంచే తన వేళ్లు తినేసిందనీ చెప్పాడు.

"ఒక్కరోజు తాడు చూసుకోలేదు. రెండో కొసకు నా స్నేహితుడున్నాడు," అన్నాడు.

అది నాయనకు తెలుగులో చెప్పాను. నాయన మోకు రెండో కొస పట్టుకుని తానూ తడుముతూ, "మా తమ్మున్ని బాయిలోకి దించిన పొద్దు నేనూ మోకు సూడలేదప్పా," అని ఆ దొరతోనే అన్నాడు.

దొరకు ఇంగ్లీషులో చెప్పడానికి నేను నోరు తెరవబోయాను.

"అది సెప్పొద్దు రా," అన్నాడు నాయన.

చిన్నాయన కాలు జారి బావిలో పడి చనిపోయాడనే ఇంట్లో అందరం నమ్ముతూ వచ్చాం.

ఇద్దరి చేతులూ మోకు నడుమ కలిశాయి. బండి వచ్చేదాకా ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

బతికినన్నాళ్లూ మా చిన్నమ్మ, "మీ చిన్నాయన కాలు జారకుండా ఉంటే శానా బాగుండు," అనేది. నేను తలాడించేవాణ్ణి.