బాప్తిస్మం బట్టలు మింగి కూర్చున్న మిషను

మా ఇంట్లో వస్తువులు కొనడం నా పని. వాటిని కొత్తగా ఉంచడం మా అత్త పని. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు కాపురం పెట్టినవాళ్లకు ఈ రెండో పని ఎంత కష్టమో తెలుస్తుంది. ఇక్కడి గాలి ఇనుమును తీరిగ్గా నములుతుంది. కిటికీ ఊచలు, సైకిలు చైను, గేటు గొళ్లెం, ఏదీ దానికి చేదు కాదు. అందుకని మా అత్త ఇంట్లో ప్రతిదానికీ ప్లాస్టిక్ తొడిగింది. టీవీ రిమోటు కవరులోనే ఉంటుంది. ఏ బటను ఎక్కడుందో కవరు మీద అరిగిన మచ్చల్ని బట్టి పోల్చుకోవాలి. వాషింగ్ మిషను బిగించడానికి వచ్చినతను దాని ప్యానెల్ మీదున్న పల్చటి పొరను పీకబోతే ఆమె మధ్యలో అడ్డం నిలబడింది. పొర ఉండిపోయింది. అతనే వెళ్లిపోయాడు.

మా చర్చిలో బాప్తిస్మం తీసుకునేవాళ్లు తెల్లబట్టల్లో కాలువ నీళ్లలోకి దిగాలి. ఆ చీరలు, పంచెలు, చొక్కాలు చర్చివే. ట్రంకు పెట్టెలో ఉంటాయి. బాప్తిస్మాలు ఉన్నప్పుడల్లా ఎవరో ఒకరి ఇంట్లో ఉతికి ఇస్తారు. ఈసారి మా ఆవిడ చెయ్యెత్తింది. ఎత్తి ఊరుకోకుండా పాస్టరమ్మగారితో అందరి ముందూ, "మీరేం దిగులు పడబాకండమ్మా, తెల్లదనం చూసి మీకే కళ్లు చెదరాల" అనింది.

అంత మాట అన్నాక సబ్బుపొడి విషయంలో పొదుపు కుదరదు. శనివారం పొద్దున మిషనులో బట్టలేసి, పొడి ధారాళంగా పోసింది. మిషను నీళ్లు నింపుకుంది, కాసేపు తిరిగింది, ఆగిపోయింది. దీపాలు వెలుగుతున్నాయి గానీ ఎక్కడ తాకినా ఉలుకూ పలుకూ లేదు. తలుపుకు తాళం పడిపోయింది. గుండ్రటి అద్దం వెనక మర్నాటి బాప్తిస్మం బట్టలన్నీ పీకల్లోతు నురగలో కూర్చున్నాయి.

"ఏమండీ, ఒకసారి ఇట్టా రాండి."

నేను కృష్ణపట్నం దగ్గర థర్మల్ ప్లాంటులో, కంట్రోల్ రూములో పనిచేస్తాను. ఈ సంగతి మా ఇంట్లో ఇలాంటప్పుడే గుర్తొస్తుంది.

నేను ప్యానెల్‌ను మెల్లగా తాకాను. గట్టిగా తాకాను. వేలు మార్చి తాకాను.

"అంతంత బాయిలర్లు మీ మాట ఇంటాయంటిరే?" అనింది మా ఆవిడ.

"అక్కడ మేం నలుగురం ఉంటాం."

"ఇక్కడ ముగ్గురం ఉండాం గదా. ఇంకొకర్ని పిలవమంటారా?"

ప్లగ్గు పీకి, కాసేపు ఆగి మళ్లీ పెట్టాను. పిల్లలు ముట్టుకోకుండా వేసే తాళమేమో అని దాని గుర్తు మీద వేలు అదిమి పట్టాను. మిషనుతో ఇచ్చిన పుస్తకం తెచ్చాను. అది కూడా కవరులోనే ఉంది. అందులో చివరికి సర్వీసువాళ్లకు ఫోన్ చేయమని ఉంది. చేశాను. ఎంతో మర్యాదగా బుధవారం వస్తామన్నారు.

"బుధవారమంట" అన్నాను.

"అయితే పాస్టరుగారికి చెప్పండి, బుధవారం దాకా ఎవురూ మారుమనసు పొందబాకండని."

అప్పుడు చూశాను ప్యానెల్ మూలన. పొర కొంచెం లేచి, దాని కింద సన్నటి చెమ్మ చేరి మసకబారి ఉంది. ఆ మసక ఒక మూల నుంచి రెండో మూలదాకా పాకింది. అంచుల్లో ఉప్పు తెల్లగా పేరుకుంది. వేలు తాకితే పలకాల్సిన ప్యానెల్‌కు ఆ తడి కూడా వేలే. పొద్దున్నుంచీ అన్నిచోట్లా ఎవరో ఒకేసారి నొక్కుతున్నారనుకుని, అది ఎవరి మాటా వినడం మానేసింది. ఈ ఇంట్లో నాకూ అప్పుడప్పుడూ అలాగే ఉంటుంది గనక దాని కష్టం నాకు వెంటనే అర్థమైంది.

"అత్తా, ఈ పొర తీసెయ్యాల."

"తీసేస్తే గీతలు పడవా అబ్బయ్యా? గాలి తగిలి పాడైపోదా?"

"తియ్యకుండానే పాడైంది గదత్తా."

"అది మిషను తప్పు. పొర ఏం చేసింది?"

"అమా!" అనింది మా ఆవిడ. "రేపు తెల్లారేసరికి ఆళ్లు ఏం కట్టుకోని దిగాల కాలవలో? నీ పొర కట్టుకోని దిగమందామా?"

అత్త మిషను దగ్గరికి వచ్చింది. నన్ను మాత్రం తాకనివ్వలేదు. పుండు మీది పట్టీ లాగినట్టు ఓ మూల నుంచి తనే మెల్లగా లాగి, పొరను నాలుగు మడతలు పెట్టి లోపలికి తీసుకెళ్లింది. ఎక్కడ దాచిందో ఇప్పటికీ తెలియదు.

ప్లగ్గు పీకి, పాత పంచె ముక్కతో ప్యానెల్ తుడిచాను. ఉప్పు వదలకపోతే ముక్కను కాస్త తడిపి పిండి మళ్లీ తుడిచాను. టేబుల్ ఫ్యాను తెచ్చి దాని ముఖానికి పెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ప్లగ్గు పెడితే నీళ్లు తోడేసే బటను పలికింది. జాడించే బటను మాత్రం పలకలేదు. నీళ్లు పోయాయి. టక్కుమని తలుపు వదులైంది. మా ఆవిడ నన్ను మెచ్చుకోబోయి బట్టలు చూసి ఆగిపోయింది. అవి సబ్బుతో జిగటగా ఉన్నాయి.

ముగ్గురం పెరట్లో పంపు దగ్గర చేరాం. ఎంత జాడించినా నురగ వస్తూనే ఉంది.

"ఎవురన్నా అంత పొడి పోస్తారంటే?" అనింది అత్త. "ఇట్నే ఇచ్చినావంటే రేపు ముంచినప్పుడు కాలవంతా నురగ లేస్తాది. సంఘం మొత్తం చూస్తాది."

మా ఆవిడ చేతిలోని చీర అలాగే ఉండిపోయింది. అప్పటిదాకా ఆమెకు బట్టలు దొరకవేమో అన్న దిగులే. ఇప్పుడు ఇంకొకటి కనిపించింది. ఆ తర్వాత ఆమె మమ్మల్ని కూర్చోనివ్వలేదు. బకెట్టులో నీళ్లు తేరేదాకా జాడించాం, తేరాక కూడా జాడించాం. సముద్రపు గాలి ఆ ఒక్క పూట మాకు ఉపకారం చేసింది. పొద్దు గుంకేలోపు బట్టలు ఆరాయి. అవి ఇస్త్రీ అవుతుండగా నేను ఊరికే వెళ్లి మిషను తాకి చూశాను. జాడించే బటను పలికింది. చేతులు నీళ్లలో నాని కూర్చున్న ఆ ఇద్దరితో ఈ శుభవార్త చెప్పడం అనవసరం అనిపించింది.

ఆదివారం పొద్దున్నే కాలువ గట్టున చేరాం. పాస్టరుగారు నడుములోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కరినీ పిలుస్తున్నారు. ప్రార్థనకు అందరూ కళ్లు మూసుకున్నారు. మా ఆవిడ మూసుకోలేదు. నాకెలా తెలుసని అడగొద్దు. ముందు దిగింది కొంచెం భారీ మనిషి. ముంచగానే చొక్కాలో గాలి నిండి వీపు మీద బుడగలు లేచాయి. మా ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. బుడగలు పగిలాయి. నీళ్లు మామూలు నీళ్లలాగే ఉన్నాయి. తర్వాత ఒక ముసలామె, ఆ తర్వాత కొత్తగా పెళ్లైన జంట. ఎవరు మునిగినా ఆమె చూపు వాళ్ల మీద లేదు, వాళ్ల చుట్టూ ఉన్న నీళ్ల మీదే ఉంది. చివరి మనిషి లేచి నిలబడ్డాడు. కాలువలో నురగ లేదు.

"ఆమేన్!" అనింది మా ఆవిడ, గట్టు అదిరేలా. పాస్టరుగారి ముగింపు ప్రార్థన ఇంకా సగంలోనే ఉంది. నలుగురూ కళ్లు తెరిచి వెనక్కి చూశారు.

"ఏందే, ఇయ్యాల భక్తి పొంగింది నీకు?" అనింది అత్త, మెల్లగా.

"నువ్వు ఊరుకోమా" అని, మా ఆవిడ అప్పుడు కళ్లు మూసుకుంది.