రెండు సార్లు దగ్గాడు

మా ముత్తాత పన్నెండు ఊళ్ళకు దేశ్‌ముఖ్. మా తాత అందులో ఏడు నిలుపుకొన్నాడు. సర్కారు పెద్దలు వేటకు వస్తే కోటలాంటి మా గడిలోనే దిగేవారు. మా నాయన కాలానికి గడి, దాని వెనక మామిడితోట, తాతగారి వేట రైఫిల్ మిగిలాయి. గడి, తోట పోయాక నా వంతుకు రైఫిల్ వచ్చింది. తమ్ముడు ప్రతి ఉత్తరంలో దాన్ని అమ్మేద్దామని రాసేవాడు. కుదరదని ప్రతిసారీ జవాబు రాసేవాణ్ణి.

మా గడిలో బయటి నుంచి ఎవరూ గొంతెత్తి పిలిచేవారు కాదు. పని మీద వచ్చినవాడు చెప్పులు విడిచి, గడప అవతల నిలబడి, రెండు సార్లు దగ్గేవాడు. లోపలి నుంచి పిలుపు వచ్చేదాకా అక్కడే నిలబడేవాడు.

నేను ఖతర్ వెళ్ళేనాటికి చమురు ధర పెరిగి, దోహాలో ఎటు చూసినా పునాదులు తవ్వుతున్నారు. ఒక నిర్మాణ కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. ఊళ్ళో మావాళ్ళు దుబాయ్‌లో మేనేజర్ అని చెప్పుకున్నారు. నేను కాదనలేదు.

కంపెనీ క్లబ్బుకు ఊరి బయట ఎడారిలో ఒక షూటింగ్ రేంజ్ ఉండేది. ఎత్తయిన మట్టికట్ట, దాని ముందు చెక్క ఫ్రేములు, ఆరు చిన్న గుండు రైఫిళ్ళు. కాలేజీలో ఎన్.సి.సి. గురిపోటీల్లో నాది మొదటి స్థానమని విని, క్లబ్బు చూసే ఇంగ్లీషు ఇంజనీరు, శుక్రవారాలు కొత్తవాళ్ళకు నేర్పుతావా అని అడిగాడు. జీతం ఉండదన్నాడు. అందుకే ఒప్పుకున్నాను. మా ఇంట్లో తుపాకీ పట్టి ఎవరూ కూలి తీసుకోలేదు.

శుక్రవారం పొద్దున మా గదులుండే నజ్మా పేటలో రేంజ్‌కు వ్యాను బయలుదేరేది. దాన్ని నడిపే హైదరాబాదీ డ్రైవరూ నేర్చుకునేవాడే. సిమెంటు పని చేసే మా సొంత ఊరి మనిషి ఒకడు, వారానికి దొరికే ఆ ఒక్క పూట నిద్ర కూడా మానుకుని వచ్చేవాడు. నలభై ఏళ్ళుంటాయి. అందరికన్నా అతని గురి బాగుండేది.

రేంజ్ మీద ఒకే నియమం నేను గట్టిగా పట్టుకునేవాణ్ణి. ఎక్కడ తప్పు కనిపించినా, చేసినవాడు ఎవరైనా, చూసినవాడు "ఆపు" అని అరవాలి. కాల్పులకు ముందు ఒక్కొక్కరి చేత అరిపించేవాణ్ణి. మా ఊరి మనిషి దగ్గరికి వచ్చేసరికి అరుపు ఆగిపోయేది.

"అరె భయ్యా," అన్నాడు డ్రైవరు ఒకరోజు. "ఊర్ల దొర గావచ్చు. ఈడ నీ లెక్కనే పరదేశోళ్ళ బతాకా కార్డు జేబుల పెట్టుకోని తిరుగుతుండు. ఒర్రు, ఏమైతది?"

"నేనొర్ర. దొర ముంగట మా ఇంట్ల ఎవ్వలు ఒర్రలే."

"మీ తాత మా తాత వేటల హాకా ఏసేటోడు," అన్నాను నేను. "ఆయన ఒర్రుతుంటే పులి పొదల నుంచి బయటికి ఉరికేదంట."

"అది పులి మీద దొరా. మీ మీదనా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "వాన్ని ఇడిసిపెట్టుండ్రి. ఒర్రకున్నా నడుస్తది," అన్నాను. దోహా మొత్తంలో నన్ను దొరా అని పిలిచేది అతనొక్కడే. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఐదు గొంతులు అరిచేవి. ఆరో గొంతు రావలసిన చోట గాలి ఒక్కటే వినిపించేది. ఏదో ఒకరోజు ఆ చోటు నుంచే ముప్పు వస్తుందని నాకు తెలుసు. తెలిసీ సరిచేయలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచే దుమ్ము లేచింది. మట్టికట్ట మసకగా కనిపిస్తోంది. ఇంజనీరు రాలేదు. ఒక వరస కాల్పులు అయ్యాక, పద్ధతి ప్రకారం ఒక్కో రైఫిల్ బోల్టు తెరిచి లోపల గుండు లేదని చూసి, తెరిచే వదులుతూ వచ్చాను. ఐదు చూశాను. ఆరోది నేను కాల్చి పెట్టినది. నా తుపాకీని నేను తనిఖీ చేసుకోవడమేమిటి అనిపించింది.

"అన్నీ ఖాళీ," అన్నాను.

డ్రైవరు కొత్త కాగితాలు పట్టుకొని ఫ్రేముల వైపు నడిచాడు. ఈలోగా కొత్తగా చేరిన గుమాస్తా, ట్రిగ్గర్ నొక్కేటప్పుడు చెయ్యి అదురుతోంది, ఎలా అని అడిగాడు. ముందర మనిషి ఉండగా ఎవరూ తుపాకీ ముట్టకూడదు. ఖాళీదే కదా అనుకుని, బోర్లా పడుకుని నా రైఫిల్ భుజానికి ఆనించాను. పక్క చాప మీద మా ఊరి మనిషి మోకాళ్ళ మీద లేచాడు. రెండు సార్లు దగ్గాడు.

దుమ్ము వల్ల అనుకున్నాను. ట్రిగ్గర్ నొక్కాను.

చిన్న గుండు పెద్దగా మోగదు. ఎండుపుల్ల విరిగినట్టు ఉంటుంది. డ్రైవరు చెవి పక్కన ఫ్రేము చెక్క చీలింది. అతను మెల్లగా ఇటు తిరిగాడు. చెంప మీద పేడు గుచ్చుకుని రక్తం కారుతోంది.

"క్యా దొరసాబ్, కాగితాల లెక్క నాకు గూడ నంబర్లు ఏస్తున్నరా?" అన్నాడు. ఆ వెంటనే ఇసుకలో కూలబడ్డాడు.

చెంపకు కట్టు కట్టి అతన్ని వ్యానులో కూర్చోబెట్టాక, మా ఊరి మనిషిని పక్కకు పిలిచాను.

"బోల్టు మూసి ఉన్నది నీకు కండ్లవడలేదా?"

"కండ్లవడ్డది దొరా."

"మరెందుకు చెప్పలే?"

"మీరు ఖాళీ అన్నరు." మోకాళ్ళ మీది ఇసుక దులుపుకున్నాడు. "దగ్గిన గద దొరా."

మర్నాడు ఇంజనీరు ముందు నిలబడి జరిగినదంతా చెప్పి, రేంజ్ తాళంచెవి బల్ల మీద పెట్టాను. ఆయన ఇంకెవరినో చూసుకున్నాడు. తర్వాతి శుక్రవారం నజ్మాలో వ్యాను బయలుదేరింది. నేను ఎక్కలేదు.

ఆ సాయంత్రమే నా గది బయట దగ్గు వినిపించింది. రెండో దగ్గు రాకముందే లేచి తలుపు తీశాను. "ఇంకోపారి వస్తే పేరు పెట్టి పిలువు," అన్నాను. అతను తల వంచుకుని నవ్వాడు. తెచ్చిన ఖర్జూరాలు గడప మీద పెట్టాడు. పేరు మాత్రం పలకలేదు.

ఆ నెలలోనే తమ్ముడికి ఉత్తరం రాశాను. తాతగారి రైఫిల్‌ను, దాని తోలు సంచితో సహా, హైదరాబాదులో ఒక తుపాకుల దుకాణానికి అమ్మేశాం.