ఎద్దులూ బండా సమానమన్న లేవి సారు

మా బళ్ళో సైన్సు చెప్పే లేవి సారుతో కలిసి బస్సెక్కడం ఒక శిక్ష. కోయిలకుంట్ల నుంచి వస్తుంటే దారిలో గొర్రెలు అడ్డం వస్తాయి. డ్రైవరు బ్రేకు తొక్కుతాడు. నిలబడ్డవాళ్ళమంతా ముందుకు పడతాం. బస్సంతా డ్రైవర్ని తిట్టిపోస్తుంది. లేవి సారు మాత్రం ఎవరి భుజమ్మీదో పడి, అక్కడి నుంచే, "ఆయప్ప బస్సును ఆపినాడు గానీ, మనల్ని ఎవరు ఆపినారప్పా? మనం పోతానే ఉండాము గదా" అంటాడు. పక్కాయన కాలు నలిగి లబోదిబోమంటుంటే ఈ సంగతి ఎవరిక్కావాలి?

నేను అదే బళ్ళో తెలుగు చెప్తాను. నా సంధులేవో నా సమాసాలేవో చూసుకునేదాన్ని. కానీ పదేళ్ళుగా స్టాఫ్ రూములో నా కుర్చీ ఆయన పక్కనే. ఒకసారి తలుపు నా చేతికి తగిలి అబ్బా అన్నాను. "మీ చెయ్యి కూడా తలుపుకు తగిలింది టీచర్, అంతే గట్టిగా" అన్నాడు. మందు తెచ్చి రాయడు, మాట మాత్రం సరిచేస్తాడు.

సరిచేయడం ఆయన జబ్బు. వాళ్ళది తాతల కాలం నుంచీ చర్చికి పోయే కుటుంబం. ఒక ఈస్టరునాడు పాస్టరుగారు మంచి ఊపు మీదుండి, యేసు సమాధి మీది రాయి దానంతట అదే పొర్లిపోయిందని చెప్పారట. ఆరాధన అయ్యాక ఈయన పోయి, "ఊరకుండే రాయి బలం లేకుండా ఎట్ల కదులుతాదయ్యగారూ? దూత దొర్లించినాడని రాసుండాది గదా" అన్నాడు. భార్య విశ్వాసమ్మ ఆ పూట అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు.

ఇంత చాదస్తం మనిషి ఒకసారి ఊరందరి ముందు, మైకులో, కావాలని తప్పు చెప్పాడు.

మా వైపు శివరాత్రి తిరునాల అంటే బండలాగుడే. మంచమంత రాతిబండకు గొలుసు కట్టి ఎద్దుల జతతో లాగిస్తారు. గడువులోపల ఎక్కువ దూరం లాగిన జతది గెలుపు. మా ఊరి భూపేష్ రెడ్డికి ఈ పిచ్చి బాగా ముదిరింది. తన ఎద్దులకు బుల్లెట్, రాకెట్ అని పేర్లు పెట్టుకున్నాడు. ఇంట్లో మనుషులకు లేని బాదంపప్పు వాటికి నానబోస్తాడు. అంత మేపిన ఎద్దులు కిందటేడు బరిలో బండ ముందు నిలబడిపోయాయి. అంగుళం కదిలితే ఒట్టు. ఏడాదిగా ఆ మాట ఎవరూ ఆయన ముందు ఎత్తరు.

ఆయన కూతురు శివజ్యోతి మా బళ్ళో పది. ఆ రోజు లేవి సారు గమన నియమాల్లో మూడోది చెప్తున్నాడు. నువ్వు దేన్ని ఎంత బలంతో గుంజుతావో, అదీ నిన్ను అంతే బలంతో ఎదురు గుంజుతుంది. మా ఊళ్ళో దీనికి ఉదాహరణ ఇంకేముంటుంది? ఎద్దులూ బండా చెప్పాడు. శివజ్యోతి లేచి, "రెండు గుంజుళ్ళూ సమానమైతే బండ ఎట్ల కదులుతాది సార్?" అంది. అంతలో గంట కొట్టారు. "రేపు చెప్తా. ఇంటికి పోయి ఆలోచించు" అన్నాడు సారు.

ఆ పాప ఆలోచించింది. కాకపోతే పైకి గట్టిగా, రచ్చకట్ట మీద స్నేహితులతో కూర్చున్న తండ్రి ముందు ఆలోచించింది. "నాయనా, మన ఎద్దులు బండను ఎంత గుంజుతాయో బండా వాటిని అంతే గుంజుతాదంట. లేవి సారు చెప్పినాడు."

కట్ట మీద నవ్వు పుట్టింది. "అదే గదప్పా భూపేషూ పోయినేడు జరిగింది! సమానమయ్యి యాడిదాడ నిలబడిపాయ!"

మర్నాడు ప్రార్థన గంట కాకముందే భూపేష్ రెడ్డి స్టాఫ్ రూములో ఉన్నాడు. "ఏం సారూ, నా ఎద్దులూ బండా సమానమని సెప్తాండావంట? బాదంపప్పు బండకు పెడ్తినా నేను?"

"ఎద్దులూ బండా సమానమనలేదన్నా. వాటి గుంజుళ్ళు సమానం" అన్నాడు లేవి సారు. చల్లారబోయిన మంటకు కిరసనాయిలు.

మాటలతో తేలదని ల్యాబులోంచి రెండు స్ప్రింగు కాటాలు తెచ్చాడు. ఒకదాని కొక్కెం ఒకదానికి తగిలించి, ఒక చివర బడి ముందరి బండకు కట్టి, రెండో చివర రెడ్డి చేతికిచ్చాడు. "బండవైపుది మీరు బండను ఎంత గుంజేదీ చూపిస్తాది. మీవైపుది బండ మిమ్మల్ని ఎంత గుంజేదీ చూపిస్తాది. గుంజన్నా." రెడ్డి గుంజాడు. రెండు ముళ్ళూ ఒకే అంకె మీద నిలబడ్డాయి. పళ్ళు కొరికి గుంజాడు. రెండూ కలిసి ఇంకొంచెం పోయి మళ్ళీ ఒకే చోట ఆగాయి. మొహం ఎర్రబడింది, పంచె జారబోయింది, ముళ్ళు మాత్రం విడిపోలేదు. పిల్లలు కిటికీలకు వేలాడి చూస్తున్నారు.

"కాటాలు బడివి. బడి మాటే సెప్తాయి" అన్నాడు రెడ్డి. ఇంటి నుంచి పత్తి తూచే కాటాలు రెండు తెప్పించాడు. అవీ అదే చెప్పాయి.

ఒప్పుకుంటాడా? అప్పుడే తేల్చి చెప్పాడు. "తిరునాల్లో మైకు పట్టుకుని, బండ కన్నా ఎద్దుల గుంజుడే ఎక్కువని సెప్పు. సెప్పిన రోజు నా పాప బడికొస్తాది. అంతవరకూ రాదు."

శివజ్యోతి రావడం మానేసింది. పబ్లిక్ పరీక్షలు ముంచుకొస్తున్నాయి. ఆ పిల్లకు ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు రావాలని దాని కన్నా లేవి సారుకే ఆశ ఎక్కువ. హెడ్మాస్టరు రెండుసార్లు రెడ్డి ఇంటికి పోయి, కాఫీ తాగి ఉత్త చేతులతో వచ్చాడు. నేను పోతే కాఫీ కూడా ఇవ్వలేదు.

"ఒక్క మాట గదయ్యా. చెప్పేస్తే పోయె. దేవుడు క్షమిస్తాడు" అంది విశ్వాసమ్మ.

"దేవుడు క్షమిస్తాడే. పిల్లోల్లు అదే రాస్తే మార్కులు ఎవరు వేస్తారు?" అన్నాడట.

ఆ వారం ఆయన ఎవరినీ సరిదిద్దలేదు. పరీక్షించాలని నేనే, "పొద్దున గోడ నన్ను గుద్దింది సార్" అన్నాను. "అట్లనా" అన్నాడు. నాకు నిజంగా భయం వేసింది. పదేళ్ళు విసుక్కున్నదాన్ని, ఆ రోజు ఆయన ఎదురు చెప్తే బాగుండునని మొక్కుకున్నంత పని చేశాను.

తిరునాల రోజు బరి చుట్టూ జనం. దుమ్ము, ఈలలు, బొరుగుల పొట్లాలు. మా పదో తరగతి మొత్తం ట్రాక్టరు ట్రాలీ మీద ఎక్కి కూర్చుంది. భూపేష్ రెడ్డి కొత్త తలపాగాతో వేదిక పక్కన నిలబడ్డాడు. శివజ్యోతిని కూడా తెచ్చాడు, దాని చెవులతోనే వినాలని. లేవి సారు వేదిక ఎక్కి మైకు తీసుకున్నాడు. చొక్కా అంతా చెమట.

"అందరికీ నమస్కారం. నేను సైన్సు అయ్యవారిని. ఎద్దులు బండను గుంజే బలం..." ఆగాడు. "బండ ఎద్దులను గుంజే బలం కన్నా ఎక్కువ."

"తప్పు సార్!"

ట్రాలీ మీద నుంచి మా తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. అంతకన్నా గట్టిగా ఒక గొంతు వేదిక పక్క నుంచి వచ్చింది. శివజ్యోతి అప్పటికే మెట్లెక్కుతోంది. తండ్రి చెయ్యి చాచాడు గానీ అందలేదు. సారు చేతిలో మైకు లాక్కుంది.

"మా సారు తప్పు చెప్పినాడు. మా నాయన చెప్పమంటే చెప్పినాడు. రెండు బలాలూ సమానమే."

జనం గొల్లుమని నవ్వారు. రెడ్డి మొహం చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"నాయనా, నువ్వు నన్ను ఒక్కటి పీకినావనుకో. నేనూ నిన్ను అంతే గట్టిగా ఒక్కటి పీకినాననుకో. సరికి సరి అయిపాయె గదా అని మన చెంపలు మండకుండా ఉంటాయా? ఎవరి దెబ్బ వాళ్ళ చెంప మీదే. ఇదీ అంతే. మన ఎద్దుల గుంజుడు పడేది బండ మీద. బండ గుంజుడు పడేది ఎద్దుల మీద. వేరే వేరే వాటి మీద పడినాక ఒకదాన్నొకటి ఎట్ల కొట్టేస్తాయి? నేల బండను పట్టుకుని ఆపుతాది. ఆ పట్టు కన్నా ఎద్దుల గుంజుడు ఎక్కువైతే బండ కదులుతాది."

"మరి ఎద్దులు?" అన్నాడు రెడ్డి. గొంతు కొంచెం తగ్గింది.

"ఎద్దులు గిట్టలతో నేలను వెనక్కి తంతాయి. నేల వాటిని ముందుకు తోస్తాది. బండ వెనక్కి గుంజేదాని కన్నా ఆ తోపు ఎక్కువుంటే మనోళ్ళు ముందుకు పోతారు."

ఈల ఒకటి లేచింది. దాని వెనకాలే చప్పట్లు. "ఎవురి పాపరా అది?" అని ఎవరో అడిగితే, "భూపేష్ రెడ్డి పాప" అని పదిమంది చెప్పారు. ఆ మాట విని ఆయన తలపాగా సర్దుకోవడం నేను చూశాను.

పోటీ జరిగింది. బుల్లెట్, రాకెట్ మూడో స్థానంలో నిలిచాయి. ఇక లేవి సారు పని అయిపోయిందనుకున్నాను. రెడ్డి జనాన్ని తోసుకుంటూ నేరుగా మా దగ్గరికే వచ్చాడు.

"నా ఎద్దుల తప్పేమీ లేదు సారూ. నేలే సరిగ్గా తొయ్యల్య."

లేవి సారు నోరు తెరిచాడు. నేను ఆయన కాలు తొక్కాను.

"పాప సోమారం నుంచి బడికొస్తాది" అన్నాడు రెడ్డి. పోబోయి ఆగి, వేలు చూపించాడు. "ఒక్కటి సారూ. పరీచ్చలు దగ్గరికొచ్చినాయి. మైకులో సెప్పినట్ల తప్పులు తప్పులు సెప్పొద్దు మా పిల్లోల్లకు."

"చెప్పనన్నా, ఇంకెప్పుడూ చెప్పను" అన్నాడు లేవి సారు, కళ్ళు తుడుచుకుంటూ.