ఏడో నంబరు మీద ఇద్దరు

వీధిలో అందరూ ఆమెను టైపు వదిన అంటారు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళూ అలాగే అంటారు. నిజానికి వదినా అని పిలిచే హక్కు ఆ ఇంట్లో ఒక్క మరిదికే ఉంది. ఆ పిలుపు వాడి నోట్లోంచి జారి, గుమ్మం దాటి, కుళాయి దగ్గర కాసేపు నిలబడి, వీధంతా పాకిపోయింది.

పెళ్ళికి ముందు నుంచీ ఆమెది టైపు బతుకే. ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లలకు నేర్పేది. అది మూతపడ్డాక ఆమె వేళ్ళకు ఏం చేయాలో తోచలేదు. నిద్రలో దుప్పటి మీద కదులుతూనే ఉండేవి. ఆమె భర్త సిటీ బస్సు కండక్టరు. "రాత్రంతా నా వీపు మీద ఉత్తరం కొట్టావు, ఎవరికేంటి?" అని పొద్దున్నే నవ్వేవాడు. ఆమెకు నవ్వొచ్చేది కాదు. పనిలేని వేళ్ళు ఎంత బరువుగా ఉంటాయో టిక్కెట్లు చింపే మనిషికి ఎలా చెప్పడం?

ఆ తర్వాత ఆస్పత్రి పని దొరికింది. డాక్టర్లు ఆపరేషను ముగించి టేపులో నాలుగు మాటలు గొణుగుతారు. ఈమె ఇంట్లో కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలి కింద మీట నొక్కుతూ టేపును ముందుకూ వెనక్కూ నడిపించి ఆ గొణుగుడును శుభ్రమైన పేజీలుగా మారుస్తుంది. పేజీలు మోడెమ్ ద్వారా ఫోను తీగ మీద ఆస్పత్రికి వెళ్తాయి. ప్రతి పేజీ అడుగున, కుడి చివర, ఆమె పేరులోని రెండక్షరాలు ఉంటాయి. ఎవరూ చదవరు. ఆమె మాత్రం పంపేముందు ప్రతిసారీ చదువుకుంటుంది.

ఆ పని ఇప్పుడు పోయేలా ఉంది.

కారణం ముందుగదిలో, కిటికీ పక్క బల్ల మీద ఉంది. పాత కంప్యూటరు. తెల్లగా వచ్చి, ఎండకు పండిన కాగితంలా పసుపెక్కింది. అందులో ఆమె మోడెమ్ కార్డూ, మరిది సౌండు కార్డూ పక్కపక్క గాడుల్లో ఉంటాయి. మరిది ఇంటింటికీ తిరిగి పిల్లలకు కీబోర్డు వాయించడం నేర్పుతాడు, ఖాళీ దొరికితే నాటకాలకు బాణీలు కడతాడు. బాణీ ఆ కంప్యూటర్లోనే రికార్డవ్వాలి. ఇద్దరికీ ఒక్కటే యంత్రం. ఒకరు వాడుతుంటే ఇంకొకరు ఎదురుచూడాలి, అంతవరకూ ఇద్దరికీ అలవాటే. కానీ సౌండు కార్డు వచ్చిన దగ్గర్నుంచీ, ఎవరూ ఏమీ వాయించకపోయినా సరే, మోడెమ్ సగం దారిలో ఆగిపోవడం మొదలైంది. తెరమీద బాణం బిగుసుకుపోతుంది. స్పీకర్లలోంచి ఏదో ఒక శబ్దం గొంతులో ఇరుక్కున్న వెక్కిళ్ళలా టకటకటక మంటుంది. లైను తెగిపోతుంది.

రిపేరు షాపు మనిషి వచ్చి, మూత తీసి చూసి చెప్పాడు. "లోపలున్నది ఒక్కడే గుమాస్తా అమ్మా. ఏ కార్డుకైనా పని పడితే గంట కొట్టి వాణ్ణి పిలవాలి. ఒక్కో గంటకీ ఒక్కో నంబరు. మీ ఇద్దరి కార్డులూ ఐదో నంబరు గంటే కొడుతున్నాయి. ఎవరు పిలిచారో తెలీక వాడు నుంచుండిపోతున్నాడు."

"అయితే ఏం చేయాలి?"

"ఒకరు ఏడుకు జరగండి. మిగతావన్నీ నిండిపోయాయి. ఏడు ప్రింటరుదే గానీ, దానికి అంత పట్టింపు లేదు." కార్డు మీద సన్నటి సూదుల్లాంటి పిన్నుల వరస చూపించాడు. రెండు పిన్నులను కలుపుతూ వాటి నెత్తిన నల్లటి ప్లాస్టిక్ టోపీ ఒకటి, బియ్యపు గింజకు కాస్త పెద్దది. "ఈ టోపీ తీసి ఏడు దగ్గర పెట్టడమే. ఎవరు జరుగుతారో మీరే తేల్చుకోండి." వదినా మరిదీ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్న తీరు గమనించి, తానే తేల్చేంత ధైర్యం చాలక, స్క్రూడ్రైవరు సర్దుకుని వెళ్ళిపోయాడు.

"ముందునుంచీ ఐదు నాది" అంది వదిన.

"ముందునుంచీ అంటే? నీ మోడెమ్‌కి తెలీకముందే సంగీతానికి ఐదు తెలుసు, పంచమం అంటే ఐదోదేగా."

"సంగీతమా అది? డబ్బా మీద వాన పడ్డట్టుంటుంది."

"నీ మోడెమ్ కూత బాగుంటుంది మరి! పిల్లి తోక తొక్కినట్టు."

"చచ్చినా జరగను."

"ప్రాణం పోయినా వదలను."

ఆ ఇంట్లో కోపానికో పద్ధతుంది. వదినా మరిదీ తగువు పడితే నేరుగా మాట్లాడుకోరు, గోడతో మాట్లాడతారు. "మంచినీళ్ళు కావాలని చెప్పు" అంటాడు మరిది గోడకు. "కాళ్ళున్నాయిగా, వెళ్ళి తాగమను" అంటుంది వదిన అదే గోడకు. కండక్టరు ఇంట్లో ఉంటే ఆ ఉద్యోగం గోడనుంచి ఆయనకు బదిలీ అవుతుంది. ఆరోజు గోడ కూడా ఊరుకుంది. ఇద్దరూ దానితోనూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున్నే ఆస్పత్రి రికార్డుల మేడమ్ ఫోను చేసింది. "మధ్యాహ్నం డాక్టర్ల మీటింగుంది. భోజనాల వేళకి రిపోర్టులన్నీ నా దగ్గరుండాలి. ఇవాళ కూడా సగంలో ఆగిపోతే నేనేం చేయలేనమ్మా. పై నుంచి గట్టిగా చెప్పారు, వేరేవాళ్ళకి ఇచ్చేస్తాం."

ఫ్లాపీలో పెట్టి పట్టుకెళ్దామంటే, ఎవరో తెచ్చిన ఫ్లాపీ వైరస్ అంటించిన దగ్గర్నుంచీ ఆస్పత్రి బయటి ఫ్లాపీలు ముట్టుకోదు. తీగ ఒక్కటే దారి.

కండక్టరు డ్యూటీకి, మరిది పాఠాలకు వెళ్ళాక ఇల్లు నిశ్శబ్దమైంది. ఐదు కోసం పోట్లాడటం నిన్నటి మాట. ఇవాళ ఆమెకు కావలసింది లైను. పైగా ఆ వెధవ బాణీ కూడా సాయంత్రంలోగా నాటకం వాళ్ళకు అందాలని ఆమెకు తెలుసు. పోనీలే, నేనే జరుగుతాను, వాడికి చెప్పక్కర్లేదు, అనుకుంది. మూత తీసింది. లోపల దుమ్ము బూడిదరంగు నాచులా పరుచుకుని ఉంది, రంగురంగుల తీగలు దానిలోంచి వంగి చూస్తున్నాయి. తన కార్డు మీద టోపీని కనుబొమ్మలు పీకే చిన్న పట్టకారుతో తీసి ఏడు దగ్గర పెట్టింది. పక్కనే ఉన్న మరిది కార్డు వైపు చూడనైనా చూడలేదు. జాలిపడి జరుగుతున్నా ఉక్రోషం ఉక్రోషమే. సెట్టింగుల్లో కూడా మోడెమ్‌కు ఏడు రాసి, మూత బిగించి, డయల్ చేసింది.

పిల్లి తోక తొక్కినట్టు కూసింది. కలిసింది. మొదటి రిపోర్టు, ఎవరిదో మోకాలు, పాకుతూ వెళ్ళింది. రెండోది సగం పాకింది. టకటకటక. బాణం బిగుసుకుంది.

ఆమె నమ్మలేకపోయింది. యంత్రాన్ని ఆపి, మళ్ళీ పెట్టి, మళ్ళీ మొదటినుంచి పంపింది. మోకాలు వెళ్ళింది. టకటకటక. సెట్టింగుల జాబితా తెరిచి చూసింది. మోడెమ్ ఏడు, సౌండు ఐదు. తగువున్న చోట పసుపురంగు గుర్తు రావాలి. ఎక్కడా లేదు. జాబితా ఏ పాపం ఎరగనట్టు చూసింది.

అయితే తప్పు తీగది. ఫోను తీగ మార్చింది. టకటకటక. పడకగదిలోని రెండో ఫోను పీకేసింది. టకటకటక. ఫ్యాను ఆపింది, ఆ ఫ్యానుకీ దీనికీ ఏ సంబంధమూ లేదని తెలిసీ. చెమట కళ్ళలోకి దిగింది. మరిది చెప్పులు బల్ల కింద అడ్డం ఉన్నాయని వాటినీ విసిరేసింది. కిటికీలోంచి పడిన ఎండముక్క బల్లమీద మెల్లగా జరుగుతోంది, తీగలకూ గంటలకూ అక్కర్లేని తీరికతో. దాన్ని చూస్తే ఆమెకు ఒళ్ళు మండింది.

"ఇంకేం కావాలే నీకు?" అని తెరను అడిగింది. "నీకోసం జరిగాను కదా! చెప్పు, ఇంకెక్కడికి జరగమంటావు? వీధిలోకా?"

తెర మీద ఏ కదలికా లేదు. ఆమెకు ఏడుపొచ్చింది. బాధతో వచ్చిన ఏడుపైతే కాసేపు ఏడ్చేదే. పళ్ళు నూరుకుంటుంటే వచ్చిన ఏడుపు అది. ఇన్‌స్టిట్యూట్ తలుపుకు తాళం పడిన రోజు గుర్తొచ్చింది. ఆరోజు ఎవరినీ తిట్టడానికి లేకపోయింది. ఇవాళా అంతే. తప్పు ఎవరిదో తెలిస్తే కనీసం తిట్టుకోవచ్చు.

మళ్ళీ మూత తీసింది. ఈసారి ఏ పట్టుదలా మిగల్లేదు కాబట్టి, ఉన్నదంతా చూసింది. గాడులూ, తీగలూ, దుమ్మూ. తన కార్డు. ఏడు మీద టోపీ. దాని పక్కన మరిది కార్డు.

దాని టోపీ కూడా ఏడు మీదే ఉంది.

ఆమె ఒంగినది ఒంగినట్టే ఉండిపోయింది. ఐదు దగ్గర రెండు కార్డుల మీదా పిన్నులు బోసిగా మెరుస్తున్నాయి. నిన్నంతా తన్నుకున్న చోట ఇవాళ ఒక్కరూ లేరు.

అప్పుడే మరిది పాఠం ముగించుకుని వచ్చాడు. మూత తెరిచి ఉండటం చూసి, గోడవైపు తిరిగాడు. "ఆ పెట్టె ఎందుకు తీశారో కనుక్కో."

"గోడని వదిలి ఇటు రా!" అని అరిచింది వదిన. "ఏడుకు ఎప్పుడు మార్చావురా?"

వాడు తెల్లబోయాడు. "నిన్న సాయంత్రం. నువ్వు డాబా మీద బట్టలు తీస్తున్నప్పుడు. అయినా నీకు లైను దొరకాలని మార్చా. తిడతావేంటి?"

"జాబితాలో ఐదనే ఉంది!"

"జాబితా దాకా వెళ్ళలేదు. టోపీ మార్చి, నా పాటల ప్రోగ్రాంలో నంబరు మార్చా, అంతే."

"నేను పొద్దున మార్చాను."

"నువ్వా? చచ్చినా జరగనన్నావు!"

"ప్రాణం పోయినా వదలనన్న వాడివి, నువ్వెందుకు జరిగావు? ఒక్క మాట చెప్పొచ్చుగా!"

"ఎవరితో చెప్పను? నువ్వు మాట్లాడితేగా! మరి నువ్వెందుకు చెప్పలేదు?"

మంచిపని చేసి దొరికిపోయినందుకు ఇద్దరికీ తలకొట్టేసినట్టయింది. దొంగతనం చేసినా అంత సిగ్గుపడి ఉండేవాళ్ళు కాదు.

"సరే, నీది మళ్ళీ ఐదు మీద పెట్టు. తొందరగా" అంది.

వాడు పట్టకారు తీసుకున్నాడు. వాడి వేళ్ళు పెద్దవి, తెల్లమెట్లూ నల్లమెట్లూ దూకడానికి అలవాటుపడ్డవి. టోపీ పిన్నుల మీంచి లేచింది, ఒక్క క్షణం పట్టకారు కొసన ఆగింది, తర్వాత చిటికె వేసినంత శబ్దం చేసి ఎగిరింది. ఎటు పోయిందో ఇద్దరూ చూడలేదు.

"వదినా, కదలకు!"

"నేను కదలట్లేదు! నువ్వు కదిలావు!"

ఇద్దరూ నేలమీద మోకాళ్ళ మీద పాకారు. బల్ల కింద, చెప్పుల్లో, తీగల చిక్కులో వెతికారు. నేల నలుపూ తెలుపూ చుక్కల గచ్చు. నల్ల చుక్క ప్రతిదీ టోపీలాగే ఉంది. ఎండముక్క బల్ల అంచు దిగి గచ్చు మీదికి వచ్చింది. భోజనాల వేళ అవుతోంది.

వదిన చటుక్కున లేచింది. "ఆగు. టోపీ లేకపోతే నీ కార్డు ఏ గంటా కొట్టలేదు కదా?"

"కొట్టలేదు. మూగది."

"అయితే ఏడు నాదొక్కదానిదే!"

డయల్ చేసింది. పిల్లి కూసింది. మోకాలు వెళ్ళింది. రెండోది వెళ్ళింది. మూడోది. ఆమె తెర మీద జరిగే నీలిగీతను కళ్ళతోనే ముందుకు తోసింది. వెనక మరిది ఇంకా పాకుతూనే ఉన్నాడు. ఆఖరి పేజీ, అడుగున ఆమె రెండక్షరాలతో సహా, తీగలోకి దిగి వెళ్ళిపోయింది.

లైను వదలగానే ఫోను మోగింది. రికార్డుల మేడమ్.

"అందాయమ్మా, అన్నీ అందాయి. కానీ నాకు అర్థం కానిదొకటుంది. పొద్దుట్నుంచీ మా ప్రింటరు ఆ మోకాలే కక్కుతోంది. ఆయనకెన్ని మోకాళ్ళమ్మా?"

"రెండేనండీ" అంది వదిన. "మా వైపు కాస్త... గంటల గొడవ."

"ఏ గంటలు? సరేలే. రేపు టేపులు పంపుతాను. ఒక్కసారే పంపు."

ఫోను పెట్టేసి కూర్చుంది. సంతోషమంటే వచ్చింది, కానీ దానికి కూడా ఒళ్ళంతా నొప్పిగానే ఉంది. కిందకి చూసింది. మరిది గోడకు ఆనుకుని, దుమ్ముకొట్టుకున్న మోకాళ్ళతో, ఖాళీ చేతులు చూసుకుంటున్నాడు. నాటకం వాళ్ళకు సాయంత్రం బాణీ వినిపించాలి.

వదిన యంత్రాన్ని ఆపి, బల్ల మీదున్న పట్టకారుతో తన కార్డు మీది టోపీని మెల్లగా లాగింది. ఈసారి ఎగరనివ్వలేదు. అరచేతిలో పట్టి వాడి ముందు చాపింది.

"సాయంత్రం దాకా పెట్టుకో. ఐదు మీద పెడతావో ఏడు మీద పెడతావో నీ ఇష్టం. రేపు టేపులొచ్చేలోగా నాది నాకివ్వు."

"పోగొడితే?"

"పోగొట్టి చూడు."

కాసేపటికి ముందుగదిలోంచి బాణీ మొదలైంది. వదిన లోపలి గదిలో హెడ్‌ఫోన్లు తగిలించుకుని, మీటింగుకు అక్కర్లేక మిగిలిపోయిన టేపులో కష్టమైన మాటల్ని గుర్తుపెట్టుకోవడానికి కూర్చుంది. డాక్టరు గొణిగాడు. బాణీ గోడలోంచి వచ్చి ఆ గొణుగుడు మీద పడింది. కాలి మీట నొక్కి వెనక్కి తిప్పింది. మళ్ళీ విన్నది. మళ్ళీ తిప్పింది.

హెడ్‌ఫోన్లు తీసి గుమ్మంలోకి అరిచింది.

"కాస్త తగ్గించి వాయించరా! ఆయన కోసింది ఎడమకాలో కుడికాలో వినబడి చావట్లేదు!"